2048 చాలా, 4096 కావాలా, సెల్ఫ్ సైన్డ్ అయితే పర్లేదా?

వెబ్‌సైట్ తానెవరో బ్రౌజర్‌కి రుజువు చేసుకునే సర్టిఫికెట్ తయారు చేద్దామని కూర్చున్నవాళ్లు మొదట ఆగిపోయేది కీ సైజు దగ్గర. 2048 బిట్లు ఉంది, 4096 ఉంది, పెద్దదైతే మంచిదేగా అని 4096 కొట్టేస్తారు. తర్వాత ఆ సర్టిఫికెట్ మీద తామే సంతకం పెట్టుకుంటారు (సెల్ఫ్ సైన్డ్ అంటే అదే), బ్రౌజర్ ఎర్రగా వార్నింగ్ చూపిస్తే "అది మామూలే, అడ్వాన్స్‌డ్ నొక్కి లోపలికి వెళ్లిపోండి" అని పక్కవాళ్లకి చెప్తారు. నేనూ చాలాకాలం ఇదే చేశాను. కీ సైజు గురించి గంటలు గంటలు చదివి, వార్నింగ్‌ని మాత్రం అర సెకనులో దాటేసేవాణ్ణి. అంతా తలకిందులుగా చేశానని తర్వాత అర్థమైంది. కీ సైజు ఐదు నిమిషాల్లో తేలిపోయే విషయం, బుర్ర పెట్టాల్సింది ఆ వార్నింగ్ దగ్గర.

నిజానికి ఇవి రెండు వేరువేరు ప్రశ్నలు. తాళం ఎంత గట్టిది అనేది ఒకటి, ఆ తాళం వేసింది ఎవరు అనేది ఇంకోటి. మొదటిదానికి జవాబు కీ సైజు చెప్తుంది, రెండోదానికి సర్టిఫికెట్ మీద సంతకం ఎవరిదో అది చెప్తుంది. ఒకదాంట్లో లోటు ఉంటే రెండోదాన్ని ఎంత పెంచినా ఆ లోటు పూడదు.

ముందు బిట్ల సంగతి

"ఏఈఎస్‌కి 128 బిట్లు చాలంటారు, ఆర్‌ఎస్‌ఏకి కనీసం 2048 ఉండాలంటారు, ఇదేం లెక్క" అనే అనుమానం చాలామందికి ఉంటుంది, అడగడానికే మొహమాటం. ఏఈఎస్ అంటే ఒకే కీతో డేటాని మూసి తెరిచే పద్ధతి, ఆర్‌ఎస్‌ఏ అంటే పబ్లిక్, ప్రైవేట్ అనే కీల జంటతో నడిచే పద్ధతి. ఆ రెండు అంకెల్నీ ఒకే కొలబద్దతో కొలవలేదు, అంతే. ఏఈఎస్‌లో దొంగకి ఉన్న దారి దాదాపు ఒక్కటే, ఉన్న కీలన్నీ ఒక్కోటీ పెట్టి చూడటం. ఒక్క బిట్ పెంచితే వాడి పని రెట్టింపవుతుంది. ఆర్‌ఎస్‌ఏ అలా ఉండదు. అక్కడ పబ్లిక్ కీలో ఉండేది రెండు పెద్ద ప్రధాన సంఖ్యల లబ్ధం, దాన్ని మళ్లీ ఆ రెండుగా విడగొడితే పని అయిపోయినట్టే, పైగా అలా విడగొట్టడానికి గుడ్డిగా వెతకడం కంటే చాలా మెరుగైన గణిత పద్ధతులున్నాయి. అందుకే అంకె అంత పెద్దది కావాలి. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ ఇచ్చే ఉజ్జాయింపు ప్రకారం 2048 బిట్ల ఆర్‌ఎస్‌ఏ బలం 112 బిట్లకి సమానం, 3072 అయితే 128కి, 7680 అయితే 192కి. 256కి సమానం కావాలంటే 15360 బిట్లు పెట్టాలి, అది ఎవరూ వాడరు. వేరే రకం గణితంతో చేసే ఎలిప్టిక్ కర్వ్ కీలు దీనికంటే చాలా పొదుపు: పీ-256కి 128 బిట్ల బలం, పీ-384కి 192.

128 అంటే ఎంతో ఊహకి అందాలంటే డీఈఎస్ అనే పాత ఎన్‌క్రిప్షన్ పద్ధతితో పోల్చి చూడండి. దాని కీ 56 బిట్లు. 1998లో ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ వాళ్లు దానికోసమే ఒక మిషన్ కట్టి 56 గంటల్లో కీ పట్టేశారు. సరే, ఆ మిషన్ కంటే వందకోట్ల రెట్లు వేగంగా పనిచేసేది ఈరోజు ఎవడి దగ్గరో ఉందనుకుందాం. అదే 56 గంటల లెక్కన 128 బిట్ల కీకి సుమారు 3,000 కోట్ల ఏళ్లు పడుతుంది, విశ్వం వయసుకి రెట్టింపు కంటే ఎక్కువ. ఇక 128 చాలదేమో 256 పెడదామా అనే టెన్షన్ అనవసరం అనిపిస్తుంది నాకు.

ఆర్‌ఎస్‌ఏ విషయంలో ఇప్పటిదాకా బయటికి తెలిసిన రికార్డులు చూస్తే 512 బిట్లు 1999లో పగిలాయి, 768 బిట్లు 2009 డిసెంబర్‌లో, 829 బిట్లు 2020 ఫిబ్రవరిలో. గమనించారా, పదేళ్లలో వచ్చిన పెరుగుదల 61 బిట్లు. 1024ని బహిరంగంగా ఎవరూ పగలగొట్టలేదు, అయినా 2014 నుంచి బ్రౌజర్లు నమ్మే పబ్లిక్ సర్టిఫికెట్లలో 2048 కంటే తక్కువ ఒప్పుకోవడం లేదు, ఆ ముందుజాగ్రత్త మంచిదే. 2048 రేపో మాపో పగిలిపోతుందని చెప్పేవాళ్ల మాట మాత్రం నేను పట్టించుకోను.

మరి ఏది ఎంచుకోవాలి? దానికి ముందు ఒక విషయం తెలియాలి, చాలా గైడ్లలో దీన్ని చెప్పకుండా వదిలేస్తారు. సర్టిఫికెట్‌లో ఉన్న కీ మీ డేటాని ఎన్‌క్రిప్ట్ చేయదు. బ్రౌజరూ సర్వరూ రహస్యంగా మాట్లాడుకునే పద్ధతి పేరు టీఎల్‌ఎస్, 2018లో వచ్చిన టీఎల్‌ఎస్ 1.3లో ఆ కీ పని సంతకం పెట్టడం ఒక్కటే, "నేనే ఫలానా సర్వర్‌ని" అని రుజువు చేసుకోవడానికి. డేటాకి తాళం వేసే కీని బ్రౌజరూ సర్వరూ ప్రతి కనెక్షన్‌కీ అప్పటికప్పుడు కలిసి తయారు చేసుకుంటాయి, ఎక్కువగా ఎక్స్25519 అనే పద్ధతిలో, దాని బలం 128 బిట్లు. ఆ తర్వాత అసలు ఎన్‌క్రిప్షన్ ఏఈఎస్‌దో, అలాంటిదే అయిన చాచా20దో. అంటే సర్టిఫికెట్‌లో 4096 పెట్టారని మీ పాస్‌వర్డ్ ఇంకాస్త గట్టి తాళంలో వెళ్లదు. వెళ్లే తాళం అదే. పెరిగేదల్లా సర్వర్ ప్రతి కొత్త కనెక్షన్‌కీ పెట్టే సంతకం బరువు, 2048తో పోలిస్తే సుమారు ఆరేడు రెట్లు. రోజుకి పదిమంది వచ్చే సైట్‌కి అది లెక్కలోకి రాదు, లక్షల కనెక్షన్లుంటే మాత్రం సీపీయూ గ్రాఫ్‌లో కనిపిస్తుంది, పాత రౌటర్ లాంటి చిన్న ప్రాసెసర్ మీద పేజీ తెరుచుకోవడమే ఆలస్యమవుతుంది.

నా ఎంపిక ఇదీ. మామూలు వెబ్‌సైట్‌కి పీ-256. చిన్న కీ, వేగం, ఇప్పుడు వాడుకలో ఉన్న బ్రౌజర్లన్నీ దాన్ని అర్థం చేసుకుంటాయి, సర్టిఫికెట్లు తెచ్చిపెట్టే సర్ట్‌బాట్ అనే టూల్ కూడా 2.0 నుంచి ఏమీ చెప్పకపోతే అదే ఇస్తుంది. మీ సర్వర్‌తో మాట్లాడాల్సిన వాటిలో ముసలి పరికరాలు, పాత సాఫ్ట్‌వేర్ ఉంటే ఆర్‌ఎస్‌ఏ 2048. పదేళ్లపాటు ఉండాల్సిన సొంత రూట్ సర్టిఫికెట్‌ (మిగతా సర్టిఫికెట్ల మీద సంతకం పెట్టేది) అయితే అప్పుడు ఆర్‌ఎస్‌ఏ 4096 లేదా పీ-384 పెట్టండి, అక్కడ సంతకాలు అరుదు కాబట్టి బరువు సమస్యే కాదు, ఆయుష్షు ముఖ్యం. ఎడ్25519 అనే కీ రకం నాకు చాలా ఇష్టం, దూరంగా ఉన్న సర్వర్‌లోకి లాగిన్ అయ్యే ఎస్‌ఎస్‌హెచ్‌కి కళ్లు మూసుకుని అదే వాడతాను, కానీ వెబ్ సర్టిఫికెట్లు ఇచ్చే పబ్లిక్ సంస్థలు పాటించే నిబంధనల్లో దానికి చోటు లేదు కాబట్టి అక్కడ మర్చిపోండి.

క్వాంటమ్ కంప్యూటర్ల భయంతో 4096కి వెళ్లేవాళ్లున్నారు. అలాంటి మిషన్ నిజంగా వస్తే 2048, 4096, పీ-256 అన్నీ ఒకే గాటన పోతాయి. అక్కడ అసలు సమస్య ఈరోజు ట్రాఫిక్‌ని పట్టి దాచుకుని రేపు విప్పడం, దానికి మందు బ్రౌజరూ సర్వరూ కలిసి కీ తయారు చేసుకునే పద్ధతిని మార్చడం. 2024 ఆగస్టులో నిస్ట్ క్వాంటమ్ మిషన్లని తట్టుకునేలా ఎంఎల్-కెమ్ అనే ప్రమాణం ఖరారు చేసింది, దాన్ని ఎక్స్25519తో జతచేసిన పద్ధతి ఇప్పటికే పెద్ద బ్రౌజర్లలో ఉంది, చాలా సర్వర్లు ఎన్‌క్రిప్షన్‌కి వాడే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ 3.5లో కూడా వచ్చింది. సర్వర్ సాఫ్ట్‌వేర్‌ని అప్‌డేట్ చేస్తే చాలు, సర్టిఫికెట్ జోలికి పోనక్కర్లేదు.

సైజు సంగతి పక్కనపెడితే, నిజంగా కీలు పోయిన కథలు చూడండి, చాలావరకు లెక్కల బలంతో పగిలినవి కావు. డెబియన్ లినక్స్‌లో 2006లో ఎవరో ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ కోడ్‌లో రెండు లైన్లు తీసేశారు, దాంతో యాదృచ్ఛిక సంఖ్యలకి ఆధారంగా ప్రాసెస్ నంబర్ (నడుస్తున్న ప్రోగ్రామ్‌కి సిస్టమ్ ఇచ్చే చిన్న అంకె) తప్ప ఏమీ మిగల్లేదు. 2008 మేలో బయటపడేదాకా, అంటే సుమారు రెండేళ్లు, ఆ మిషన్ల మీద పుట్టిన కీలన్నీ, ఒక్కో రకం, ఒక్కో సైజుకి సుమారు 32 వేల కీలలోనే ఉన్నాయి. 4096 బిట్ల కీ అయినా సరే, అసలు బలం 15 బిట్లు. 2012లో ఇంటర్నెట్ మొత్తం మీద కీలు సేకరించి చూసిన పరిశోధకులకి ఇంకో వింత కనిపించింది: రౌటర్లు, ఫైర్‌వాల్స్ లాంటి పరికరాలు మొదటిసారి ఆన్ అయినప్పుడు యాదృచ్ఛికత సరిపోక, ఒకదానికొకటి సంబంధం లేని పరికరాలు ఒకే ప్రధాన సంఖ్యని పంచుకున్నాయి. రెండు కీలకి ఒక సంఖ్య ఉమ్మడిగా ఉంటే గసాభా కడితే చాలు, రెండూ విడిపోతాయి, అది స్కూల్లో నేర్చుకున్న లెక్కే. కాబట్టి పరికరంతో వచ్చిన కీని నమ్మకండి. ఈమధ్య అప్‌డేట్ చేసిన మంచి కంప్యూటర్ మీద కీ పుట్టించుకోండి, ఆ ఫైల్‌ని మీకు మాత్రమే చదివే అనుమతి ఉండేలా పెట్టండి, మెయిల్‌లో పంపుకోకండి. ఈ మూడూ చేసిన 2048, చేయని 4096 కంటే ఎంతో మేలు.

ఇక సంతకం ఎవరిది

సర్టిఫికెట్‌లో ఉండేది పెద్ద రహస్యమేం కాదు: ఒక పబ్లిక్ కీ, ఒక పేరు, ఎప్పటినుంచి ఎప్పటిదాకా అనే తేదీలు, వీటన్నిటి కింద ఒక సంతకం. ఆ సంతకం బ్రౌజర్ ముందే నమ్మే సర్టిఫికెట్ అథారిటీది, అంటే సర్టిఫికెట్లు ఇచ్చే సంస్థది అయితే పచ్చజెండా. సెల్ఫ్ సైన్డ్‌లో ఆ సంతకం కూడా అదే కీతో పెట్టుకున్నదే, తన డప్పు తాను కొట్టుకోవడం. ఎన్‌క్రిప్షన్ బలంలో ఈ రెంటికీ వెంట్రుకవాసి తేడా లేదు, "సెల్ఫ్ సైన్డ్ అంటే బలహీనమైన ఎన్‌క్రిప్షన్" అనేది తప్పు. ఆ మాటకొస్తే మీ కంప్యూటర్‌లో ముందే ఉన్న రూట్ సర్టిఫికెట్లన్నీ సెల్ఫ్ సైన్డే. అవి మీ దగ్గరికి నమ్మకమైన దారిలో, ఆపరేటింగ్ సిస్టమ్‌తోనో బ్రౌజర్‌తోనో వచ్చాయి. సర్వర్ నుంచి నెట్‌లో అప్పుడే దిగిన సెల్ఫ్ సైన్డ్ సర్టిఫికెట్‌కి అలాంటి దారి లేదు.

దాంతో వచ్చే నష్టం ఏంటంటే, మీకూ సర్వర్‌కీ మధ్యలో దూరినవాడు మీ సర్వర్ పేరుతోనే ఇంకో సెల్ఫ్ సైన్డ్ సర్టిఫికెట్‌ని సెకనులో పుట్టించుకోగలడు. బ్రౌజర్ మీకు అదే ఎర్ర వార్నింగ్ చూపిస్తుంది, రోజూ చూసేదే కదా అని మీరు అదే బటన్ నొక్కుతారు. నాన్నా పులి కథ గుర్తుందిగా. ఆ తర్వాత మీ పాస్‌వర్డ్ ఎవరికీ వినపడకుండా, పకడ్బందీగా ఎన్‌క్రిప్ట్ అయ్యి, నేరుగా దొంగ చేతికి వెళ్తుంది. అక్కడ 4096 బిట్లు ఉన్నా ఏం లాభం?

ఇప్పుడు దారులు పోలుద్దాం.

బయటివాళ్లు వచ్చే సైట్ ఏదైనా సరే, పబ్లిక్ అథారిటీ దగ్గర తీసుకోండి, ఇందులో చర్చే లేదు. 2015 చివర్లో ఉచితంగా సర్టిఫికెట్లు ఇచ్చే లెట్స్ ఎన్‌క్రిప్ట్ అందరికీ తెరిచాక డబ్బులు లేవనే సాకు పోయింది. సాధారణంగా 90 రోజుల గడువు, రెన్యువల్ దానంతటదే జరిగేలా పెట్టుకోవాలి. డబ్బు కట్టి తీసుకునేవి ఇంకా బలమైనవా? కావు, ఎన్‌క్రిప్షన్ అదే. ఒకప్పుడు కంపెనీ వివరాలు సరిచూసి ఇచ్చే ఖరీదైన ఈవీ సర్టిఫికెట్‌కి అడ్రస్ బార్‌లో కంపెనీ పేరు కనిపించేది, 2019లో క్రోమ్ 77, ఫైర్‌ఫాక్స్ 70 ఆ ముచ్చట కూడా తీసేశాయి. సపోర్ట్ కోసమో, కాంట్రాక్ట్‌లో రాసి ఉందనో కొనండి, భద్రత పెరుగుతుందని మాత్రం కొనకండి.

చాలామంది గమనించని సంగతి, లోపలి నెట్‌వర్క్‌లో ఉన్న సర్వర్‌కి కూడా పబ్లిక్ సర్టిఫికెట్ దొరుకుతుంది. సర్వర్‌ని బయటికి తెరవక్కర్లేదు. డొమైన్ మీదై ఉండి, డీఎన్‌ఎస్‌లో, అంటే డొమైన్ పేర్ల పట్టికలో, వాళ్లు అడిగిన రికార్డ్ పెట్టగలిగితే చాలు. ఇంట్లో స్టోరేజ్ పెట్టె, ఆఫీసులో టెస్ట్ సర్వర్ లాంటివాటికి నేను మొదట సూచించేది ఇదే, ఎందుకంటే ఎవరి ఫోన్‌లోనూ ఏమీ ఎక్కించే పని ఉండదు. దీనికో చిక్కుంది. పబ్లిక్ సర్టిఫికెట్లన్నీ ఎవరైనా చూడగలిగే ట్రాన్స్‌పరెన్సీ లాగ్‌లలోకి ఎక్కుతాయి, అంటే "జీతాలు-పాతసర్వర్" లాంటి పేరు పెట్టుకున్నారంటే ప్రపంచం మొత్తానికి చెప్పినట్టే. అది ఇబ్బంది అనుకుంటే డొమైన్ కింది పేర్లన్నిటికీ ఒక్కటే చెల్లే వైల్డ్‌కార్డ్ తీసుకోండి.

సొంత అథారిటీ పెట్టుకోవడం మూడో దారి. మిషన్లు పది దాటాయి, అన్నీ మీ అదుపులోనే ఉన్నాయి, డొమైన్ లేదు, లేకపోతే పబ్లిక్ లాగ్‌లు వద్దు అనుకున్నప్పుడు ఇది బాగుంటుంది. ఒక్క రూట్‌ని అన్ని పరికరాల్లో ఎక్కిస్తే ఆ తర్వాత ఎన్ని సర్టిఫికెట్లు ఇచ్చుకున్నా వార్నింగ్ రాదు. ఒకే కంప్యూటర్ మీద డెవలప్‌మెంట్ కోసమైతే ఎంకెసర్ట్ అనే చిన్న టూల్ ఈ పనంతా ఒకటి రెండు కమాండ్లతో చేసేస్తుంది. కాకపోతే ఆ రూట్ కీ పట్టుకున్నవాడు, దాన్ని నమ్మే ప్రతి పరికరం ముందూ ఏ బ్యాంకు సైట్‌లానైనా వేషం వేయగలడు. ఇదే పని వృత్తిగా చేసే సంస్థలకే తప్పలేదు: 2011లో నెదర్లాండ్స్‌కి చెందిన డిజినోటార్‌లోకి దొంగలు దూరి ఐదొందలకు పైగా దొంగ సర్టిఫికెట్లు పుట్టించారు, గూగుల్ పేరుతో సహా, బయటపడ్డ కొన్ని వారాల్లోనే కంపెనీ దివాలా తీసింది. కాబట్టి రూట్ కీని నెట్‌కి తగలని చోట పెట్టండి, ఫలానా డొమైన్‌కి తప్ప ఇంకేదానికీ చెల్లకుండా రూట్‌లోనే నేమ్ కన్‌స్ట్రెయింట్స్ రాయండి. ఎక్కించడంలోనూ తలనొప్పులుంటాయి, ఆండ్రాయిడ్ 7 నుంచి యాప్‌లు మనం ఎక్కించిన రూట్‌ని మామూలుగా నమ్మవు.

ఇక ఉత్త సెల్ఫ్ సైన్డ్. రెండు చివర్లూ మీవే అయినప్పుడు, అంటే మీ సర్వర్, దాంతో మాట్లాడే మీ ప్రోగ్రామ్ లాంటి చోట, ఇది మంచి ఎంపికే, కొన్నిసార్లు పబ్లిక్ సర్టిఫికెట్ కంటే గట్టిది కూడా. ప్రోగ్రామ్‌కి "ఈ ఒక్క సర్టిఫికెట్‌నే నమ్ము" అని చెప్పేస్తే ప్రపంచంలో ఏ అథారిటీ మోసపోయినా మీకు సంబంధం లేదు. షరతు ఒక్కటే, ఆ సర్టిఫికెట్‌ని ముందే వేరే దారిలో అవతలి చివరకి చేర్చాలి.

అది చేయకుండా "వెరిఫికేషన్ ఆఫ్" పెట్టేయడం, అంటే సర్టిఫికెట్‌ని సరిచూడటమే ఆపేయడం ఐదో దారి, దారి అనకూడదు గానీ ఎక్కువమంది నడిచేది ఇందులోనే. ఒకప్పుడు నేను పనిచేసిన చోట టెస్టింగ్ కోసమని ఒక స్క్రిప్ట్‌లో వెరిఫికేషన్ ఆపేసి, తర్వాత తిప్పుదాంలే అనుకున్నాను. అది అలాగే అసలు సర్వర్ మీదకి వెళ్లిపోయింది. రెండేళ్ల తర్వాత చూస్తే అవతలి సర్టిఫికెట్ గడువు తీరి ఎనిమిది నెలలైంది, ఒక్క ఎర్రర్ లేదు, ఒక్క మెయిల్ లేదు. ఆ ఎనిమిది నెలల్లో అవతల ఉన్నది ఎవరో మా స్క్రిప్ట్‌కి తెలియదు, దానికి అక్కర్లేదు కూడా.

సెల్ఫ్ సైన్డే కావాలనుకుంటే కాస్త ఒద్దికగా చేయండి. పేరుని సర్టిఫికెట్‌లోని సబ్జెక్ట్ ఆల్టర్నేటివ్ నేమ్ అనే గడిలో రాయాలి, 2017లో వచ్చిన క్రోమ్ 58 నుంచి పాత కామన్ నేమ్‌ని చూడటం లేదు, ఐపీ అడ్రస్‌తో తెరిచేదైతే ఆ ఐపీ కూడా అందులోనే ఉండాలి. గడువు చెప్పకపోతే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ 30 రోజులే ఇస్తుంది, నెల తిరిగేసరికి అంతా ఆగిపోయిందని గోల పెట్టేవాళ్లలో చాలామంది సమస్య ఇదే. అలాగని పదేళ్లు పెట్టకండి, యాపిల్ పరికరాలు 825 రోజులు దాటినదాన్ని ఒప్పుకోవు. పబ్లిక్ సర్టిఫికెట్ల గడువైతే ఇంకా కుదించుకుపోతోంది, 2026 మార్చి 15 నుంచి 200 రోజులు, 2027 మార్చి నుంచి 100, 2029 మార్చి నుంచి 47. చేత్తో రెన్యూ చేసే అలవాటున్నవాళ్లు ఇప్పుడే ఆటోమేషన్ పెట్టుకోవడం మంచిది.

ఇంకో సంగతి నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ మామూలు సెట్టింగ్స్‌తో చేసిన సెల్ఫ్ సైన్డ్ సర్టిఫికెట్‌లో "ఇది అథారిటీ కూడా" అనే ముద్ర పడుతుంది. దాన్ని వార్నింగ్ పోగొట్టుకోవడానికి కంప్యూటర్ ట్రస్ట్ స్టోర్‌లో (అది నమ్మే సర్టిఫికెట్ల జాబితాలో) పెట్టారంటే, ఆ చిన్న సర్వర్‌లో పడి ఉన్న ప్రైవేట్ కీ మీ కంప్యూటర్ దృష్టిలో ఒక రూట్ అథారిటీ అయిపోయినట్టే. ఆ ముద్ర లేకుండా, సీఏ ఫాల్స్ అని రాసి తయారు చేయండి.

చివరగా ఫింగర్‌ప్రింట్, అంటే సర్టిఫికెట్ మొత్తం నుంచి లెక్కగట్టే చిన్న గుర్తు, దాన్ని సరిచూడటం. సర్వర్ ముందు కూర్చునో, ఎస్‌ఎస్‌హెచ్‌లో వెళ్లో సర్టిఫికెట్ షా-256 ఫింగర్‌ప్రింట్ తీసుకోండి, అవతలి వ్యక్తికి ఫోన్‌లో చదివి వినిపించండి, బ్రౌజర్ చూపించే దాంతో వాళ్లు పోల్చుకుంటారు. 64 అక్షరాలు చదవడం విసుగే, అందుకే అందరూ మొదటి నాలుగు చూసి "ఆ, అదే" అనేస్తారు. నాలుగు అక్షరాలంటే 16 బిట్లు. సగటున 65,536 సర్టిఫికెట్లు పుట్టిస్తే వాటిలో ఒకదానికి అవే నాలుగు అక్షరాలు పడతాయి, మామూలు ల్యాప్‌టాప్‌కి అది టీ చల్లారేలోపు పని.